ప్రసాదం అరచేతిలో, ఆరోగ్యం అడుగుల్లో



శరన్నవరాత్రులు మొదలుకొని కార్తీక పౌర్ణమి దాకా మన ఇళ్ళలో పిండివంటలకు కొదవ ఉండదు. గుడిలో పులిహోర, దద్ధోజనం, చక్కెర పొంగలి. సద్దుల బతుకమ్మనాడు రకరకాల సద్దులు. దసరాకి గారెలు, బూరెలు. దీపావళికి స్నేహితుల ఇళ్ళ నుంచి వచ్చే మిఠాయి డబ్బాలు. ఇలాంటి సంచికకు బరువు తగ్గడం గురించి రాయమని అడిగినప్పుడు "పండుగ పూట ఈ మాట ఎందుకండీ?" అని మేమూ నవ్వాం. తరవాత ఆలోచిస్తే ఇదే సరైన సమయం అనిపించింది. మన ఒంట్లో కొవ్వు పెరగడానికి అసలు కారణం పండుగ కాదు. ఏడాదిలో పండుగ రోజులు పదిహేనో ఇరవయ్యో. మిగిలిన మూడు వందల నలభై పైచిలుకు రోజులు మనం ఎంత తింటున్నాం, ఎంత కదులుతున్నాం అన్నదే లెక్క. పండుగను వదులుకోకుండా ఆ మామూలు రోజులను ఎలా దిద్దుకోవాలో ఇక్కడ చెప్పుకుందాం.

"నేను లావుగా లేనుగా!"

కొన్నేళ్ళ క్రితం ఒక దేవాలయంలో ఆదివారం పూట ఉచిత వైద్య శిబిరం పెట్టారు. బీపీ, షుగర్ చూసి నాలుగు మంచి మాటలు చెప్పే పని మాకు అప్పగించారు. నలభై ఏళ్ళు నిండని ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి వచ్చి కూర్చున్నారు. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 162 పౌన్లు. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే ఎ1సి పరీక్షలో 6.8 వచ్చింది. 5.7 లోపు ఉంటే మామూలు, 5.7 నుంచి 6.4 దాకా షుగర్ ముంగిట్లో ఉన్నట్టు, 6.5 గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే మధుమేహం. మరోసారి పరీక్ష చేయించి నిర్ధారించుకోమని చెబితే ఆయన నమ్మలేదు. "పొరపాటేమో చూడండి డాక్టర్ గారూ, మా ఆఫీసులో అందరికంటే సన్నగా ఉండేది నేనే" అన్నారు.

ఆయన అన్నది అబద్ధం కాదు. కాని తనను ఎవరితో పోల్చుకుంటున్నారన్న దగ్గరే చిక్కు ఉంది.

శిబిరం ముగిశాక పరీక్ష సామగ్రి కొంత మిగిలింది. సరదాకి మా వేలు కూడా గుచ్చుకుని చూసుకున్నాం. 6.0 వచ్చింది. రోజూ పదిమందికి చెప్పే మేము మూడేళ్ళుగా మా రక్తం మేము పరీక్షించుకోలేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా నాన్నగారు 58వ ఏట గుండెపోటుతో పోయారు. ఆయనా లావు మనిషి కాదు. తెనాలిలో సైకిల్ మీద ఉద్యోగానికి వెళ్ళినన్నాళ్ళు ఆరోగ్యంగానే ఉన్నారు. స్కూటర్ కొన్నాక నడక, సైకిల్ రెండూ పోయాయి. భోజనం మాత్రం సైకిల్ తొక్కే రోజుల్లో ఎంత తినేవారో అంతే మిగిలింది. మనలో చాలామంది కథ ఇదే. అప్పటి స్కూటర్ స్థానంలో ఇప్పుడు కారు ఉంది, అంతే తేడా.

మన ఒంటి తీరు వేరు

పూనాలో పరిశోధన చేసే డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ కలిసి 2004లో ఒక వైద్య పత్రికలో తమ ఫోటోనే అచ్చు వేయించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, ఒకటే: 22.3. కాని లండన్ డాక్టరు గారి ఒంట్లో కొవ్వు 9.1 శాతం ఉంటే, మన డాక్టరు గారి ఒంట్లో 21.2 శాతం. మన కాళ్ళూ చేతులూ సన్నగానే ఉంటాయి. కండ తక్కువ. కొవ్వు వెళ్ళి పొట్టలో, కాలేయం చుట్టూ చేరుతుంది. అక్కడ చేరిన కొవ్వే ఇన్సులిన్ పనిని చెడగొడుతుంది.

అందుకే మనకు హద్దులు వేరు. ఈ దేశంలో బీఎంఐ 25 దాటితే అధిక బరువు అంటారు. ఆసియా మూలాలవారు మాత్రం 23 దగ్గరే షుగర్ పరీక్ష గురించి ఆలోచించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లో సూచించింది. 5 అడుగుల 7 అంగుళాలవారికి 23 అంటే 147 పౌన్లు. 5 అడుగుల 2 అంగుళాలవారికి 126 పౌన్లు. ఈ అంకెలు చూసి కంగారు పడకండి. అంత బరువుకి వచ్చి తీరాలని కాదు, పరీక్ష మానకూడదని అర్థం.

బీఎంఐ కంటే తేలికైన కొలత ఇంకొకటుంది. కుట్టుపనికి వాడే టేపు తీసుకుని బొడ్డు దగ్గర నడుము కొలుచుకోండి. ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగకూడదు! మన దేశంవారిలో మగవారికి 35 అంగుళాలు, ఆడవారికి 31న్నర అంగుళాలు దాటితే జాగ్రత్త పడాలి. ప్యాంటు సైజు చూసి మోసపోవద్దు. ప్యాంటు పొట్ట కింద కడతాం కనుక అది నిజం చెప్పదు.

ఎంత తగ్గితే చాలు?

"ఇరవై ఏళ్ళప్పటి బరువుకు రావాలి" అని మొదలుపెట్టి పది రోజుల్లో మానేసినవారిని చాలామందిని చూశాం. అంత అక్కర్లేదు. 2002లో అమెరికాలో ప్రచురించిన మధుమేహ నివారణ అధ్యయనంలో 3,234 మంది పాల్గొన్నారు. అందరూ షుగర్ ముంగిట్లో ఉన్నవారే. వారిలో ఒక బృందానికి పెట్టిన లక్ష్యాలు రెండే: ఉన్న బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు చురుకుగా నడవడం. మామూలు సలహా మాత్రమే పొందినవారితో పోలిస్తే వీరిలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో తగ్గింది 31 శాతం. మందు కంటే నడకే ఎక్కువ పని చేసిందన్నమాట. 2006లో మన దేశంలో చెన్నై డాక్టర్లు ఇలాంటిదే ప్రచురించారు. అక్కడ తగ్గుదల సుమారు 28 శాతం, అదీ సగటు బరువు పెద్దగా తగ్గకుండానే. తూకం యంత్రం కదలకపోయినా నడక, తిండి మార్పులు లోపల పని చేస్తాయనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

162 పౌన్లవారికి 7 శాతం అంటే 11 పౌన్లు. ఏడాది పడితే పట్టనివ్వండి. రోజుకు 250 కాలరీలు తగ్గిస్తే కాగితం మీద వారానికి అర పౌను తగ్గాలి. శరీరం అంత లెక్కగా నడవదు. ఒక వారం తగ్గుతుంది, రెండు వారాలు ఆగుతుంది. ఆగినప్పుడు మానేయకపోవడమే ఇందులో ఉన్న కిటుకు.

వంటింట్లో నాలుగు మార్పులు

శిబిరం జరిగిన వారం మా ఇంట్లో కూర్చుని నాలుగే నాలుగు పనులు రాసుకున్నాం. వేరే డైటు వంటలేవీ చేయలేదు. పప్పు, కూర, పులుసు, పెరుగు అలాగే ఉన్నాయి.

ఒకటి, అన్నం కొలత. ఒక కప్పు అన్నంలో సుమారు 200 కాలరీలు ఉంటాయి. కూరలోకి ఒకసారి, పప్పులోకి ఒకసారి, పులుసులోకి, పెరుగులోకి అని వడ్డించుకుంటూ పోతే రాత్రి భోజనంలోనే మూడు కప్పులు దాటుతుంది. మేము దాన్ని ఒకటిన్నర కప్పు చేశాం. ఒక్క పూటలో 300 కాలరీలు తగ్గాయి. కడుపు వెలితిగా ఉండకుండా కూర రెండింతలు, పప్పు గట్టిగా, ఎక్కువగా. అన్నంలో కూర కలుపుకోవడం కాదు, కూరలో అన్నం కలుపుకోవడం అన్నమాట. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలు కూడా ఇదే చెబుతున్నాయి: పళ్ళెంలో సగం దాకా కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలి, ధాన్యాల నుంచి వచ్చే కాలరీలు మొత్తంలో 45 శాతం మించకూడదు.

రెండు, నూనె డబ్బా మీద తేదీ. ఒక పెద్ద చెంచా నూనెలో 120 కాలరీలు ఉంటాయి. నెయ్యి కూడా దాదాపు అంతే. పోపులో ఎంత పోశామో ఎవరం కొలవం. అందుకని డబ్బా తెరిచిన రోజు దాని మీద పెన్నుతో తేదీ వేయండి. గ్యాలన్ నూనెలో 256 పెద్ద చెంచాలు ఉంటాయి. నలుగురున్న ఇంట్లో తలకు రోజుకు ఒకటిన్నర చెంచా చొప్పున వాడితే ఆరు వారాలు రావాలి. మా ఇంట్లో మొదటి డబ్బా మూడున్నర వారాల్లోనే అయిపోయింది! వంకాయ వేపుడు మానలేదు, మూకుడు మార్చాం. అంటుకోని మూకుడులో మూత పెట్టి మగ్గనిస్తే సగం నూనె చాలు.

మూడు, టీలో చక్కెర. రెండు చెంచాల చక్కెరతో రోజుకు నాలుగు కప్పులు తాగితే 32 గ్రాముల చక్కెర, 128 కాలరీలు. ఒక్కసారిగా మానకండి. వారానికి అర చెంచా తగ్గించండి. నెల తిరిగేసరికి నాలుక అలవాటు పడుతుంది.

నాలుగు, సాయంత్రం ఆకలి. ఆఫీసు నుంచి వచ్చి వంట అయ్యేలోపు జంతికల డబ్బా సగం ఖాళీ చేయడం మనకు తెలిసిన సంగతే. ఆ వేళకు గుగ్గిళ్ళో, మజ్జిగో, ఒక యాపిల్ పండో సిద్ధంగా ఉంచండి. జంతికల డబ్బా పై అరలో, చేతికి అందనంత ఎత్తులో పెట్టండి. కంటికి కనిపించనిది నోటికి తక్కువ గుర్తొస్తుంది.

నడక: ప్రదక్షిణలు చేసిన కాళ్ళే ఇవి

మనలో ఎంతోమంది వీసా కోసం హైదరాబాద్ దగ్గర చిలుకూరు బాలాజీ గుడికి వెళ్ళినవాళ్ళమే. కోరుకునేటప్పుడు 11, కోరిక తీరాక 108 ప్రదక్షిణలు. ఎండలో ఆ 108 పూర్తి చేసిన కాళ్ళే ఇప్పుడు గుడి ముందు కారు ఎంత దగ్గర ఆపుదామా అని చూస్తున్నాయి. వీసా ఇచ్చిన స్వామి నడకను వెనక్కి తీసుకోలేదు, మనమే వదిలేశాం.

కండరం గురించి ఒక మాట చెప్పాలి. కండరం కదలడానికి కావలసిన శక్తినిచ్చే ఎటీపీ అనే పదార్థాన్ని 1929లో హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి వెలికితీసినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన చివరి సంవత్సరాలు పనిచేసిన పెర్ల్ రివర్ ఊరు పిస్కాటవే నుంచి గంట ప్రయాణం. భోజనం తరవాత రక్తంలో చేరే చక్కెరలో పెద్ద వాటా వెళ్ళేది కండరాల్లోకే. కదులుతున్న కండరం ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే చక్కెరను లాక్కుంటుంది. అందుకే భోజనం చేసిన పది పదిహేను నిమిషాల తరవాత కాసేపు నడిస్తే షుగర్ అంతగా పైకి పోదు.

వారానికి 150 నిమిషాలు అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగం ఉండాలి. ఒకేసారి అరగంట దొరకకపోతే ఫరవాలేదు. పది నిమిషాల కంటే తక్కువ నడిచినది లెక్కలోకి రాదని ఒకప్పుడు అనేవారు. 2018లో వచ్చిన అమెరికా ప్రభుత్వ సూచనల్లో ఆ నియమం తీసేశారు. ఐదు నిమిషాలు నడిచినా అది జమే.

మన పిస్కాటవేలో చోటుకు కరువు లేదు. రారిటన్ నది ఒడ్డున జాన్సన్ పార్కులో చదునైన బాట ఉంది. ల్యాండింగ్ లేన్ వంతెన దాటితే డెలవేర్–రారిటన్ కాలువ గట్టు మొదలవుతుంది. 1834లో తెరిచిన ఆ కాలువలో పడవలను లాగడానికి ఒకప్పుడు కంచరగాడిదలు నడిచిన గట్టు అది. ఇప్పుడు మనం నడుద్దాం. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. అప్పుడు మధ్యాహ్నం భోజన విరామంలో పదిహేను నిమిషాలు, రాత్రి ఇంట్లో మెట్ల మీద పది నిమిషాలు. మంచు కురిసే రోజుల్లో మాల్‌లో నడవండి, కొనడం మాత్రం తగ్గించండి.

నడక ఒక్కటే చాలదు. వారానికి రెండు రోజులు కండకు పని చెప్పాలి. వినాయకుడి ముందు తీసే గుంజీలు ఇందుకు చక్కగా సరిపోతాయి. మోకాళ్ళ నొప్పులున్నవారు చేతులు పట్టుకోకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటే చాలు. సూర్య నమస్కారాలు వచ్చినవారికి వేరే చెప్పక్కర్లేదు. బతుకమ్మ చుట్టూ గంటసేపు చప్పట్లు కొడుతూ తిరగడం, కోలాటం, ఇవన్నీ అచ్చమైన వ్యాయామాలే. పక్కన నిలబడి వీడియో తీసేవారికి మాత్రం ఆ ఫలం దక్కదు.

ఒక హెచ్చరిక. నడిచేటప్పుడు ఛాతీలో బిగువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఎన్నడూ లేని ఆయాసం, చల్లని చెమట కనిపిస్తే అది గ్యాసని సోడా తాగుతూ కూర్చోవద్దు. వెంటనే ఆగి 911కి ఫోన్ చేయండి.

పండుగ రోజున

ప్రసాదానికి మన పెద్దలు పెట్టిన కొలత అరచెయ్యి. కళ్ళకద్దుకుని అరచేతిలో పట్టినంత తీసుకుంటే అది ప్రసాదం. ఫోమ్ పళ్ళెంలో రెండో వాయి పెట్టించుకుంటే అది భోజనం. ప్రసాదం ఎప్పుడూ కాదనకండి, కొలత మాత్రం మరవకండి.

బొబ్బట్టు తినండి. నెమ్మదిగా, కూర్చుని, ఒకటి తినండి. మొదటిదానికి ఉన్న రుచి మూడోదానికి ఉండదని అందరికీ తెలుసు. మనం ఎక్కువ తినేది ఆకలితో కాదు, మొహమాటంతో. ఇంటివారికి మా మనవి: "ఇంకొక్కటి వేసుకోండి" అని ఒక్కసారే అడగండి. వద్దన్నవారిని ఒట్టు పెట్టి తినిపించడం మర్యాద అనుకునే రోజులు వేరు. అప్పుడు తిన్నది అరిగేందుకు పొలం పని ఉండేది.

అసలు జాగ్రత్త పండుగ మర్నాడు. మిగిలిన గారెలు మూడు రోజులు, మిఠాయి డబ్బా రెండు వారాలు ఇంట్లో ఉంటే పండుగ రెండు వారాలు జరిగినట్టే. సగం పిండే రుబ్బండి. మిఠాయి ఆఫీసుకో, ఇరుగుపొరుగుకో ఆ రోజే పంచేయండి.

మమ్మల్ని తరచు అడిగేవి

*కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటే బరువు తగ్గమా?* పగలంతా పస్తుండి రాత్రి రెండు పూటల భోజనం చేస్తే తగ్గరు. నక్తం తేలికగా ఉండాలి. గీత ఆరో అధ్యాయం కూడా అతిగా తినేవారికీ, బొత్తిగా తిననివారికీ యోగం కుదరదనే చెబుతుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిపిజైడ్ వాడేవారు ఉపవాసం ఉంటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ముందుగా మీ డాక్టరును అడిగి మోతాదు మార్పించుకోండి.

*అన్నం మానేసి కొర్రలు, రాగులు తినవచ్చా?* శుభ్రంగా తినవచ్చు. పీచు ఎక్కువ కనుక కడుపు నిండినట్టుంటుంది. కాని కాలరీల్లో బియ్యానికీ వాటికీ పెద్ద తేడా లేదు. కొలత అక్కడా తప్పదు.

*బరువు తగ్గించే ఇంజెక్షన్ల మాటేమిటి?* అవసరమైనవారికి బాగా పని చేస్తున్నాయి, అందులో సందేహం లేదు. అయితే ఆపేస్తే బరువు చాలావరకు తిరిగి వస్తుంది. కొవ్వుతోపాటు కండ కూడా తగ్గుతుంది. కనుక అవి తీసుకున్నా పప్పు, గుంజీలు, నడక మానకూడదు.

*ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు, ఇల్లు కదలడం లేదు.* అక్కడ కూరల మార్కెట్‌కో, గుడికో రోజూ నడిచేవారు ఇక్కడ ఆరు నెలలు సోఫాకి అతుక్కుపోతారు. తప్పు వారిది కాదు. వారికి దారి తెలియదు, చలికి జంకుతారు. రోజూ రాత్రి భోజనం కాగానే పావుగంట వారితో కలిసి నడవండి. వారి షుగర్‌తోపాటు మీదీ తగ్గుతుంది. అంతకంటే ముఖ్యం, మాట్లాడుకోవడానికి ఆ పావుగంట దొరుకుతుంది.

సంకల్పం

పూజకు ముందు సంకల్పం చెప్పుకుంటాం కదా. దీపావళి నుంచి సంక్రాంతి దాకా ఒక చిన్న సంకల్పం చెప్పుకుందాం. నడుము కొలిచి కాలెండరు మీద రాసుకోవడం, నూనె డబ్బా మీద తేదీ వేయడం, రాత్రి భోజనం తరవాత పావుగంట ఇంటిల్లిపాదీ నడవడం. ఈ మూడే. నెలలుగా రక్త పరీక్ష వాయిదా వేస్తున్నవారు ఈ నెలలోనే అది కూడా చేయించుకోండి.

మా సంగతి చెప్పి ముగిస్తాం. 168 పౌన్ల నుంచి 156కి రావడానికి మాకు ఏడాది పట్టింది. మధ్యలో రెండుసార్లు పెరిగాం. ఎ1సి ఇప్పుడు 5.6. శిబిరంలో కలిసిన ఆ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఈ మధ్య గుడిలో కనిపించి, వేసవిలో పిల్లలతో అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లూ ఎక్కానని చెప్పారు. కొండ పైకి చేరేసరికి పిల్లలే వెనకబడ్డారట. మా నాన్నగారు పోయిన వయసుకి మాకింకా కొన్నేళ్ళుంది. ఆ వయసు దాటి, మనవలతో ఆ మెట్లెక్కాలని మా కోరిక. మీకూ అలాంటి కోరిక ఒకటి ఉండే ఉంటుంది. ఈ రాత్రి భోజనం కాగానే బూట్లు తొడుక్కోండి.

శుభం.

(ఇది అందరికీ వర్తించే సాధారణ సమాచారం. గుండె జబ్బు, మధుమేహం, మోకాళ్ళ సమస్యలు ఉన్నవారు, గర్భిణులు తమ డాక్టరును సంప్రదించి మొదలుపెట్టగలరు.)